ముప్పై ఒకటో ముక్క

మూడో తారీఖు, సోమవారం

డైరీ రాయడం మానేసి నాలుగేళ్ళయింది. ఇవాళ మళ్ళీ తీశాను. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరితోనూ అనకూడని మాట ఒకటి నా కడుపులో ఉంది, ఎక్కడో ఒకచోట కక్కకపోతే అరిగేలా లేదు. "నీ నోట్లో నువ్వుగింజ నానదే చిట్టీ" అని అక్క చిన్నప్పట్నుంచీ నన్ను వెక్కిరిస్తుంది. ఇప్పుడు నానబెట్టక తప్పదు. రహస్యం బయటపెట్టనని కాగితం మీద సంతకం చేసి వచ్చాను. చెబితే ఉద్యోగం ఊడుతుంది.

వచ్చే నెల ఒకటో తారీఖు పొద్దున్న పది గంటలకి మా ఛానల్ పేరు మారిపోతుంది. మాదొక్కటే కాదు. పదకొండు దేశాల్లో పదకొండు పేర్లతో నడుస్తున్న ఇల్లు, వంట, తోట, కుట్టు ఛానళ్ళన్నీ ఒకే పేరు, ఒకే రంగు, ఒకే తీరు అయిపోతాయి. దాని కోసం పెద్దాఫీసు నుంచి ఒకాయన దిగాడు. జేబులో ఎప్పుడూ ఒక రంగుల చీటీ. దేన్ని చూసినా ఆ చీటీ తీసి పక్కన పెట్టి చూస్తాడు, గోడ పక్కన, కుర్చీ పక్కన, ఆఖరికి నా చేతిలో కాఫీ కప్పు పక్కన కూడా. ఆయనకి మనసులో రంగులాయన అని పేరు పెట్టుకున్నాను.

"మొహాలు వద్దు" అన్నాడు రంగులాయన. "మొహం కనబడగానే ఇది ఫలానా చోటిది అని తెలిసిపోతుంది. చేతులు చాలు. చేతులు ఒక్కసారి తీసి పెట్టుకుంటే, గొంతు ఎవరి భాషలో వాళ్ళు అతికించుకుంటారు."

అంటే యాంకర్లు ఉండరు. అంటే అక్క ఉండదు.

ఇరవై ఏళ్ళుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా అదే పది గంటలకి మా ఛానల్లో అక్క కూర్చుని జనం చిరుగులు కుడుతోంది. చినిగిన చొక్కాలు, జేబులూడిన ప్యాంట్లు, వాటితో పాటు ఒక ఉత్తరం పార్సిల్లో వస్తాయి. అక్క ఉత్తరం చదివి, ఆ ఇంటి కబుర్లూ తన కబుర్లూ కలిపి చెబుతూ కుట్టి, వెనక్కి పంపిస్తుంది. వచ్చిన పార్సిల్ కుట్టకుండా తిరిగి పోకూడదని తనే పెట్టుకున్న రూలు. నన్ను ఈ ఆఫీసులో చేర్పించిందీ అక్కే, పదిహేనేళ్ళ కిందట.

రేపు చెప్పేస్తాను. కాగితం సంగతి తర్వాత చూసుకోవచ్చు. అక్కకి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

నాలుగో తారీఖు, మంగళవారం

కుదరలేదు.

ఆరో తారీఖు, గురువారం

మంచిదే అయింది, తొందరపడి చెప్పకపోవడం. రంగులాయన అక్క పాత ఎపిసోడ్లు వేయించుకుని చూశాడు. తర్వాత చీటీ జేబులో పెట్టుకుని, "ఈ చేతులు కావాలి" అన్నాడు. గుండీ కుట్టడం, అరిగిన కాలరు తిప్పి కుట్టడం, జేబు అతకడం, ఇలా చిన్న చిన్న ముక్కలు నలభై తియ్యాలట. పద్దెనిమిదో తారీఖు కల్లా. పదకొండు దేశాల్లోనూ అవే వేస్తారు. నలభై సరిగ్గా అందితే పదకొండు దేశాల కుట్టు కార్యక్రమాలకీ నన్నే పైన కూర్చోబెడతానన్నాడు. అందకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అక్క మొహం పోతే పోయింది, చేతులైనా మిగులుతాయి. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

ఏడో తారీఖు, శుక్రవారం

ప్రోగ్రాం అయ్యాక మేకప్ గదిలో అక్కని పట్టుకున్నాను. ఛానల్ ప్రచారం కోసం చిన్న ముక్కలు కావాలక్కా అన్నాను. నలభయ్యా అంది. నలభై అన్నాను. కాగితం ముందు పెట్టాను.

"చదవాలా?" అని పెట్టెలోంచి కళ్ళజోడు తీసింది.

"మామూలు కాగితమే అక్కా."

కళ్ళజోడు మళ్ళీ పెట్టెలో పెట్టేసి, "నువ్వు చదివావుగా, చాలు" అని సంతకం చేసింది.

నేను చదివాను. ఈ చేతుల బొమ్మల్ని ఏ దేశంలోనైనా, ఎన్నాళ్ళైనా, పేరు చెప్పకుండా వాడుకోవచ్చని ఉంది. నిజంగా మామూలు కాగితమే. అందరిచేతా ఇలాంటివే పెట్టిస్తాం.

ఎనిమిదో తారీఖు, శనివారం

మొదటి రోజు షూటింగు. ఉంగరాలు తీయించారు. గాజులు తీయించారు. మోచేతుల దాకా బూడిదరంగు చొక్కా చేతులు తొడిగారు. కెమెరా బల్ల మీదికి వంగి ఉంది, మణికట్టు దాటి పైకి రాదు.

సౌండు తాత గుడ్డ పక్కనే చిన్న మైకు పెట్టాడు. మా దగ్గర ఆయనకంటే పాత ఉద్యోగి లేడు. కావలసింది సూది చప్పుడూ కత్తెర చప్పుడూ మాత్రమే. కానీ అక్క నోరు మూసుకుని కుట్టగలదా! "మాట ఆగితే నాకు చెయ్యి ఆగిపోతుందే" అంది. సరే మాట్లాడుకో అక్కా, తర్వాత తీసేస్తారు అన్నాను. తీసే పద్ధతి కూడా చెప్పాను, అనుమానం రాకుండా. నలభై ముక్కలూ ముందు నేను పూర్తిగా వినాలి, గొంతు ఎక్కడెక్కడుందో రాసివ్వాలి, సౌండు తాత తీసేస్తాడు, నేను టిక్కు పెట్టి పంపిస్తాను. పెద్దాఫీసులో మన భాష వచ్చినవాళ్ళు లేరు కాబట్టి ఆ పని నాదే.

"అయితే నా సోదంతా నువ్వొక్కదానివే వింటావన్నమాట" అని నవ్వింది.

మధ్యాహ్నం రంగులాయన అక్క ఎడమ చేతి బొటనవేలి కింద మచ్చ చూసి చీటీ పక్కన పెట్టాడు. ఏ రంగుకీ కలవలేదు. తీసేయించమన్నాడు. కంప్యూటర్లో రెండు నిమిషాల పని. సవరణల కాగితంలో 'మచ్చ తీసేయాలి' అని రాశాను.

ఆ మచ్చ ఇస్త్రీపెట్టెది. నాకు ఏడేళ్ళప్పుడు వైరు పట్టి లాగాను, పెట్టె నా కాలి మీదికి రాబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మకి మాత్రం తనే అజాగ్రత్తగా పట్టుకున్నానని చెప్పింది. ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో.

పన్నెండో తారీఖు, బుధవారం

పదహారు ముక్కలయ్యాయి.

ఇవాళ అక్క ఇద్దరికీ సరిపడా క్యారేజీ తెచ్చింది. క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. గిన్నెలు విప్పుతూ అంది:

"ఒక కుట్టు స్కూలు వాళ్ళు ఫోన్ చేశారే. టీచరుగా రమ్మంటున్నారు. రోజూ పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా. పాతికమంది ఆడపిల్లలట."

"పొద్దున్నంటే మరి నీ ప్రోగ్రాం?"

"అదే కదా. రెండూ కుదరవు. ఇరవయ్యో తారీఖు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. ప్రోగ్రాం ఉంటుందంటే వాళ్ళకి వద్దని చెప్పేస్తాను. ఉండదంటే వెళ్తాను. ఏమంటావు?"

అటు పక్క బల్ల దగ్గర రంగులాయన చెంచా పక్కన చీటీ పెట్టి చూసుకుంటున్నాడు. ఇటు అక్క.

"ఎందుకక్కా, నిక్షేపంలా ప్రోగ్రాం ఉండగా" అన్నాను.

అక్క నా మొహంకేసి చూసింది. కాసేపు చూసింది. తర్వాత నా గిన్నె మూత తీసి ముందుకి జరిపి, "తిను, చల్లారిపోతుంది" అంది.

ఇంటికొచ్చి తీరిగ్గా ఆలోచించాను. నేనన్నదే మంచిది. ఆ స్కూలు ఎలాంటిదో ఏమో. పాతికమంది పిల్లలంటే మాటలా? అక్కకి యాభై ఆరు నిండాయి, మూడున్నర గంటలు నిలబడగలదా? ఇప్పుడు నిజం చెబితే కోపంతో ముక్కలు మధ్యలో వదిలేసి పోయిందనుకో, అప్పుడు చేతులు కూడా పోతాయి. నలభయ్యోది అవగానే చెబుతాను. పద్దెనిమిదికి నలభై అవుతాయి, స్కూలుకి ఇరవై దాకా టైముంది. రెండు రోజులు చాలవా చెప్పడానికి? లెక్క సరిపోయింది. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

పద్నాలుగో తారీఖు, శుక్రవారం

ఏమైంది నీకు అని మా ఆయన అడిగారు. ఏమీ లేదన్నాను. "ఏమీ లేకపోతే నిద్రలో పళ్ళెందుకు నూరుతున్నావు?" అన్నారు. భోజనంలో రాయి తగిలిందేమో అన్నాను. నిద్రలో ఎవరన్నా భోంచేస్తారా? పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆయన దగ్గర ఒక్క అబద్ధం శుభ్రంగా ఆడలేకపోతున్నాను. అక్క దగ్గర మాత్రం ఎలా వచ్చిందో!

పదిహేడో తారీఖు, సోమవారం

ముప్పై ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా ఇవాళ తీశారు. నేను దగ్గర లేను. రంగుల మీటింగు, మూడు గంటలు. రంగులాయన గోడ మీద రెండు రంగులు వేసి చూపించి ఏది బాగుందన్నాడు. నా కళ్ళకి రెండూ ఒక్కటే. ఎడమది అన్నాను. శభాష్ అన్నాడు.

బయటికొచ్చేసరికి అక్క స్టూడియోలోంచి వస్తోంది, కళ్ళజోడు పైటతో తుడుచుకుంటూ.

"ఇవాళ ముప్పై ఒకటోదాంట్లో కాస్త ఎక్కువ వాగానే. వినేటప్పుడు విసుక్కోకు" అంది.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట ఎందుకందా అని ఇల్లు చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఏమీ ఉండదు. మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పి ఉంటుంది.

పద్దెనిమిదో తారీఖు, మంగళవారం

నలభై అయ్యాయి. మధ్యాహ్నం మూడున్నరకి. రంగులాయన చప్పట్లు కొట్టాడు, అందరం కొట్టాం.

చెబుదామనే మేకప్ గదికి వెళ్ళాను. దేవుడి తోడు, చెబుదామనే వెళ్ళాను. అక్క ఇంటికి పోకుండా సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఉంగరాలు ఇంకా పెట్టుకోలేదు. అద్దంలో నన్ను చూసి, "ఏమన్నా చెప్పాలా?" అంది.

"ఏం లేదక్కా. థాంక్స్ చెబుదామని."

"అంతేనా?"

"అంతే."

"సరే" అంది.

నేను నా గదిలోకి వచ్చేశాను. అద్దాల తలుపులోంచి కారిడార్ కనిపిస్తుంది. అక్క ఇంకో ఇరవై నిమిషాలకి గానీ బయటికి రాలేదు. రేపు చెప్పొచ్చు. ఎల్లుండి సాయంత్రం దాకా టైముందిగా.

పందొమ్మిదో తారీఖు, బుధవారం

నలభై ముక్కలూ వినాలి. ఒకటోది పెట్టాను. "చిట్టీ, వింటున్నావా, ఈ గుండీ చూడు..." అని మొదలైంది అక్క గొంతు. ఆపేశాను. ఆ గొంతు అలా నలభైసార్లు వినడం నావల్ల కాదు. ఎలాగూ మొత్తం తీసేసేదే కదా, ఎక్కడుందో రాసివ్వడం దేనికి? మొత్తానికి మొత్తం తీసేసి, మన దగ్గరున్న సూది చప్పుడు వేసెయ్యమని సౌండు తాతకి చెప్పాను. నలభైకి నలభై టిక్కులు పెట్టేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అంటారే, అలాగే ఉంది నా పని. నాకు తెలియకపోలేదు.

సాయంత్రం తాత తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ముప్పై తొమ్మిది చేసేశాను. ముప్పై ఒకటి మాత్రం మీరు విన్నాక చేస్తాను."

"టిక్కు పెట్టేశాను తాతా, కానిచ్చెయ్యండి."

"ఇవాళే వినండమ్మా. రేపు వద్దు, ఇవాళే."

"వింటాను లెండి" అన్నాను, పంపించెయ్యడానికి. ముసలాయనకి ప్రతిదాంట్లోనూ చాదస్తం. ఆరింటికి పెద్దాఫీసుకి మొత్తం పంపేశాను.

ఇరవయ్యో తారీఖు, గురువారం

జలుబు. సెలవు పెట్టాను. ఫోన్ ఆపేసి పడుకున్నాను. రాయడానికి ఏమీ లేదు.

ఇరవై ఒకటో తారీఖు, శుక్రవారం

ఫోన్ తెరిస్తే అక్క నుంచి రెండు కాల్స్. నిన్న నాలుగింటికొకటి, ఆరింటికి ఐదు నిమిషాల ముందొకటి.

కారిడార్లో ఎదురైంది. "జలుబు తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను.

"స్కూలు వాళ్ళకి రానని చెప్పేశానే."

"మంచి పని చేశావక్కా."

ఆ మాట నేనే అన్నాను. రాసి చూసుకుంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఇరవై ఐదో తారీఖు, మంగళవారం

అందర్నీ హాల్లోకి పిలిచారు. రంగులాయన తెర మీద కొత్త పేరు, కొత్త రంగు చూపించి, కార్యక్రమాలు వచ్చే నెల నుంచి ఉండవని చెప్పాడు. తోట ప్రోగ్రాం ఆయన కుర్చీ ఒక్క తన్ను తన్ని బయటికి పోయాడు. వంట ప్రోగ్రాం ఆవిడ ఏడ్చింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్క అడిగితే నాకూ ఇప్పుడే తెలిసిందని చెప్పాలని తయారుగా ఉన్నాను.

అక్క మూడో వరసలో ఉంది. ఉలిక్కిపడలేదు. నావైపు తిరగలేదు. చెయ్యెత్తి ఒకే ఒక ప్రశ్న వేసింది.

"కుట్టాల్సిన పార్సిళ్ళు పదిహేడు ఉన్నాయి. వాటినేం చేస్తారు?"

వెనక్కి పంపించేస్తామన్నాడు రంగులాయన.

"వద్దు. నేను తీసుకెళ్తాను" అంది.

అక్క బాగానే తట్టుకుంది. నేనే అనవసరంగా ఇన్నాళ్ళు భయపడి చచ్చాను. ముందే చెప్పి ఉన్నా ఇంతే అయ్యేది.

ఇరవై ఎనిమిదో తారీఖు, శుక్రవారం

ఆఖరి ప్రోగ్రాం. ఆఖరిదని చెప్పడానికి వీల్లేదని పెద్దాఫీసు రూలు. అక్క ఒక ముసలాయన కోటుకి గుండీ కుట్టింది. దారం కొరికింది. ప్రతిరోజూ చివర్లో "మళ్ళీ తెగితే పంపండి" అంటుంది, ఇరవై ఏళ్ళుగా అదే మాట. ఇవాళ "మళ్ళీ తెగితే" అని ఆగింది. పంపడానికి చోటు లేదుగా. "మళ్ళీ తెగితే, ఇలాగే కుట్టుకోండి" అంది.

పదిహేడు పార్సిళ్ళూ బావగారి కారులోకి మోశాం. నేను రెండు మోశాను. అక్క థాంక్స్ చెప్పింది, పరాయివాళ్ళకి చెప్పినట్టు.

ముప్పయ్యో తారీఖు, ఆదివారం

పొద్దున్నే పెద్దాఫీసు నుంచి సందేశం. ముప్పై ఒకటో ముక్కలో గొంతు ఉండిపోయింది, రేపు పది గంటలకి మొట్టమొదట వేసేది అదే, వెంటనే సరిచేసి పంపండి. పిచ్చికోపం వచ్చింది. ఆఫీసుకి పరుగెత్తి సౌండు తాతని పిలిపించాను. వచ్చీరాగానే కడిగేశాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటి తప్పు చేస్తారా అన్నాను.

"తప్పు కాదమ్మా. మీరు విన్నాక చేస్తానన్నాను. వింటానన్నారు" అన్నాడు. వైర్లు నా చెవులకి తగిలించి, తను గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

తెర మీద అక్క చేతులు. మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నాలుగుసార్లు విన్నాను, తప్పు పోదు.

"చిట్టీ, ఇది నువ్వొక్కదానివే వింటావు కదా, అందుకని చెబుతున్నా. ఇరవై ఏళ్ళు కెమెరా ముందు కూర్చున్నదాన్ని, మణికట్టు దాటి పైకి రాని కెమెరా దేనికో నాకు తెలియదుటే? ఆ కాగితం కాపీ కూడా మర్నాడే అడిగి తీసుకుని చదివా. కోపం లేదు. ఉందిలే, కొంచెం ఉంది. నీచేత కూడా ఏదో కాగితం మీద సంతకం పెట్టించే ఉంటారు, బయటికి పొక్కితే నీ ఉద్యోగం తీసేస్తామని. ఇప్పుడు నేను నా అంతట నేను పోయి స్కూల్లో చేరాననుకో, ఈవిడకి ముందే ఎలా తెలిసిందంటారు. చెల్లెలే చెప్పిందంటారు. అందుకని నువ్వు వెళ్ళక్కా అంటే తప్ప నేను వెళ్ళను. నీకు నలభై కావాలి. ఇది ముప్పై ఒకటి. రేపటికల్లా మిగతావి అయిపోతాయి, ఇచ్చేస్తాను. స్కూలు వాళ్ళకి ఇరవయ్యో తారీఖు సాయంత్రం దాకా ఏమీ చెప్పను. నేనే నిన్ను మళ్ళీ అడగొచ్చు. అడిగితే మళ్ళీ అబద్ధం చెబుతావు, నీచేత రెండోసారి చెప్పించడం నాకిష్టం లేదు. నువ్వే రా. పెద్దగా ఏం అక్కర్లేదు. అక్కా, నీ ప్రోగ్రాం తీసేస్తున్నారు, అను. చాలు."

దారం కొరికిన చప్పుడు. చిన్న నవ్వు.

"చెబుతావులే. నీ నోట్లో నువ్వుగింజ నానదు."

అంతే. ఆ తర్వాత సూది చప్పుడు, స్వెట్టరు తిప్పిన చప్పుడు.

పద్దెనిమిదిన కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది అందుకే. ఇరవయ్యో తారీఖు ఆరింటికి ఐదు నిమిషాల ముందు ఫోన్ చేసింది అందుకే. జలుబట నాకు, జలుబు! అక్క నా ఉద్యోగం కాపాడుతూ కూర్చుంటే నేను అక్క నుంచి దాక్కుని పడుకున్నాను. నామీద నాకు అసహ్యం వేస్తోంది.

తాత గోడవైపు నుంచి తిరగకుండానే అన్నాడు, "టైమవుతోందమ్మా. గొంతు తీసే మీట ఎడమవైపుంది. ఇది మాత్రం మీరే నొక్కండి."

అందరికీ పన్నెండింటిలోగా పంపాలి. నొక్కాను.

ఒకటో తారీఖు, సోమవారం

తొమ్మిదింటికి రోడ్డు మీద నిలబడి స్కూలుకి ఫోన్ చేశాను. కుట్టు టీచరు పోస్టు గురించి అన్నాను. "ఇరవై నాలుగునే ఒకావిడ చేరారండీ" అంది ఎవరో అమ్మాయి. ఇంకో టీచరు అక్కర్లేదా అని అడిగాను. అక్కర్లేదంది. వచ్చే ఏడో అన్నాను. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూడమంది.

కంట్రోల్ రూంలో నా పేరు రాసిన కుర్చీ వేశారు, పది కొట్టేముందు పది, తొమ్మిది, ఎనిమిది అని అందరం లెక్కపెట్టాలట. నేను అక్క ఇంటికి వెళ్ళాను. ఫోన్ మోగుతూనే ఉంది, తియ్యలేదు.

బావగారు తలుపు తీశారు. "రావమ్మా, పదకొండు దేశాలకి పెద్దవయ్యావటగా" అన్నారు. ఆయనకేమీ తెలియదనుకుంటాను. లేక తెలుసేమో, ఆయన ఎప్పుడూ అలాగే మాట్లాడతారు. హాల్లో బల్ల నిండా పార్సిళ్ళు, పది విప్పినవి, ఏడు విప్పనివి. అక్క కిటికీ పక్కన కూర్చుని ఎవరి చొక్కాకో కాలరు తిప్పుతోంది. కూర్చో అన్నట్టు గడ్డంతో కుర్చీ చూపించింది.

పది అయింది. టీవీలో మా పాత పేరు పోయింది. తెరంతా కొత్త రంగు, నేను బాగుందన్న ఎడమవైపు రంగు. అందులోంచి రెండు చేతులు వచ్చాయి, చిరిగిన స్వెట్టరు వచ్చింది. ఎవరో చిన్నపిల్ల గొంతు, తేనె పూసినట్టు, "మోచేతి చిరుగుని మాయం చేద్దామా!" అంది.

బావగారు ముందుకి వంగారు. "ఇది నీ చెయ్యి కాదుటే?"

అక్క తలెత్తి ఒకసారి చూసింది.

"నాది కాదు. నా బొటనవేలి కింద మచ్చ ఉంటుంది" అంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, చిన్నప్పుడు తప్పు ఒప్పుకునేటప్పుడు అమ్మ అలా నిలబెట్టేది.

"అక్కా, నీ ప్రోగ్రాం తీసేస్తున్నారు" అన్నాను.

బావగారు నాకేసి పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అక్క సూది ఆపింది. అడిగింది.

"అయ్యో. ఎప్పట్నుంచే?"

"ఇవాళ్టి నుంచి."

"కాస్త ముందు చెప్పకపోయావా" అంది అక్క. "స్కూలు వాళ్ళకి వస్తానని చెప్పేదాన్నిగా."

మళ్ళీ కాలరు చేతిలోకి తీసుకుంది. పన్నెండింటి దాకా అక్కడే కూర్చున్నాను. అక్క ఆ కాలరు పూర్తిచేసింది, ఇంకో చొక్కాకి గుండీలు కుట్టింది, ఒక జేబు అతికించింది. ఒక్క మాట మాట్లాడకుండా కుట్టింది.